వంటచెఱకు: చీల్చుట, ఎండబెట్టుట, కాల్చుట

మన గ్రామములందు గ్యాసుపొయ్యి ప్రవేశించినను కట్టెలపొయ్యి యింకను చల్లారలేదు. 2016వ సంవత్సరమున ఉజ్జ్వల పథకము వచ్చినపిమ్మట పెక్కు పేదయిండ్లకు గ్యాసుబండ చేరినమాట నిజమే. అయినను స్నానమునకు నీళ్లకాగు, పశువులకు ఉలవలు ఉడికించుట, పెండ్లివంట, ఇవి పెక్కుచోట్ల నేటికిని కట్టెమీదనే జరుగుచున్నవి. బండ నిండుకొన్ననాడు అన్నమును అంతే. కావున ఈ విషయము పాతచింతకాయపచ్చడి యని మా సభ్యులు తలంపకుందురు గాక.

మొదట కొనుగోలు సంగతి. కట్టెను మనము తూకమున కొనుచున్నాము. అప్పుడే నఱికిన కట్టె బరువులో ఇంచుమించు సగము నీరే. గాలికి బాగుగ నెండిన కట్టెలో నూటికి 15 మొదలు 20 పాళ్లు మాత్రమే నీరుండును. అనగా 100 కిలోల పచ్చికట్టె కొన్నవానికి 50 కిలోల కట్టెయు, అదే తూకమున ఎండుకట్టె కొన్నవానికి 80 కిలోలకు తక్కువగాని కట్టెయు దక్కును. నీటికి వెల యిచ్చుటతో పని తీరదు. ఆ నీటిని ఆవిరిచేయుటకు మరల మన కట్టెయే కాలవలెను. కిలో నీరు ఆవిరియగుటకు సుమారు 600 కిలోకాలరీల వేడి పట్టును. నీరు లేని కట్టె కిలోకు సుమారు 4,500 ఇచ్చును. లెక్కగట్టినచో పచ్చికట్టె వేడిలో ఎనిమిదవవంతుకు మించి తన నీటికే చెల్లిపోవుచున్నది. ఇంతకంటె పెద్దనష్టము వేఱొకటి కలదు. పొయ్యిలో వేడి చాలనప్పుడు కట్టెనుండి వెడలు వాయువులు మంటగా మాఱక పొగగా పోవును. ఆ పొగను పీల్చువారు కట్టెను బేరమాడి కొన్న మగవారు కారు. వంటయింటి పొగవలన 2020వ సంవత్సరమున లోకమందు 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది.

కట్టెను మాఘఫాల్గుణములలో నఱికి, నఱికిన వారములోనే చీల్చి, రోహిణికార్తె యెండకు వదలి, తొలకరికి ముందు కప్పుక్రిందికి చేర్చుట మేలు. చీల్చుట యెందుకనగా, బెరడు నీటిని పట్టియుంచును. చీలిన ముఖమునుండి అది త్వరగా వెడలును. దుంగలను చీల్చకయే పెరటిలో పడవేసి, ఏడాదియైనది గదా ఎండియుండునని తలంచుట మన యలవాటు. పైకి ఎండినట్లున్నను నడుమ చెమ్మ పోదు. చివరలు నెఱ్ఱెలుబాఱి, రెండు పేళ్లను తాటించినప్పుడు ఖంగున మ్రోగినచో ఎండినట్లు. సంశయమున్నవారు ఒక పేడును గుర్తుపెట్టి వారమునకొకసారి తూచవచ్చును. బరువు తగ్గుట నిలిచిననాడు కట్టె సిద్ధము.

ఇక జాతులు. తూకమునకు తూకము ఏ ఎండుకట్టె యైనను ఇంచుమించు ఒకటే వేడి నిచ్చును. భేదమంతయు దట్టమునను మండు తీరునను కలదు. మునగ, బూరుగు వంటి తేలికకట్టె గుప్పున మండి బొగ్గు నిలువక పోవును. తుమ్మ నెమ్మదిగ కాలి గట్టినిప్పు నిచ్చును. అయితే దానిని పచ్చిగానున్నప్పుడే చీల్చవలెను. ఎండినచో చేవ గొడ్డలికి లొంగదు. సరుగుడు కొంత పచ్చిగానున్నను మండుననుట సత్యమే గాని, అందువలన దానిని పచ్చిగనే కాల్చవలెనని యర్థము కాదు. సర్కారుతుమ్మ మన దేశపుది కాదు. 1877 ప్రాంతమున విత్తనము విదేశమునుండి తెప్పించి కడపమండలమందలి కమలాపురమున నాటిరి. నేడది చెఱువులను బీళ్లను ఆక్రమించి, నఱికినకొలది మోడునుండి చిగిర్చుచు రైతును బాధించుచున్నది. కాల్చుటకు మాత్రము మేలైన కట్టె. వదిలించుకొన దలచిన దానినే పొయ్యికి పంపుట రెండువిధముల లాభము. చింతను గూర్చి ఒక మాట. దాని పోగులు ఒకదానితోనొకటి పెనవేసికొనియుండుటచే అది చీలదు. మాంసము కొట్టువారు చింతమొద్దునే కోరుట ఇందుకే. చింతదుంగతో పోరాడి గొడ్డలికామను విఱుగగొట్టుకొనుటకంటె ఱంపముతో పొట్టిముక్కలుగ కోసికొనుట మేలు. అందొక ముక్క చీల్చు పనికి అడుగుమొద్దుగ ఉపయోగపడును.

దుంగను నేలపై పరుండబెట్టి పాదముతో అదిమి కొట్టు పద్ధతిని మేము ఒప్పము. గొడ్డలి జాఱినచో పాదమే పోవును. అడుగుమొద్దుపై దుంగను నిలువుగ నుంచి, కాళ్లు ఎడముగ పెట్టి, ముడియున్న కొన క్రిందికి వచ్చునట్లు చూచి, ముందున్న నెఱ్ఱె వెంబడి కొట్టవలెను. లావుదుంగను నడుమ కొట్టక అంచులనుండి పేళ్లుగ తీయవలెను. మొండిదానికి ఇనుపమేకును సమ్మెటయు కావలయును. ఏడాదికి రెండుమాఱులు వాడు ఈ సామానును ఇంటింట కొనుటకంటె నలుగురైదుగురు కలసి కొని యుంచుకొనుట చౌక.

పొయ్యికి మణికట్టు లావు పేళ్లు చాలును. నోరు నిండ కట్టెను క్రుక్కినచో గాలి ఆడక పొగయే మిగులును. రెండుమూడు పేళ్లు ఎడముగ నుంచి, కాలినకొలది లోపలికి త్రోయవలెను. బూడిదను దినదినము తీయుట మఱువరాదు. పొగగొట్టపు పొయ్యి మనకు క్రొత్తది కాదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమున పనిచేసిన యస్. పి. రాజుగారు 1953లోనే పొగలేని వంటయిండ్లను గూర్చి గ్రంథము ప్రకటించిరి. గొట్టమును నెలకొకసారి మసి దులుపకున్నచో పొగ మరల ఇంటిలోనికే వచ్చును. గన్నేరుకట్టెను, రంగువేసిన పాతపలకలను పొయ్యిలో పెట్టరాదు. వాని పొగ విషము.

పేర్చిన కట్టెను గోడకానించక, రాళ్లమీద ఎత్తుగ నుంచవలెను. వానకాలమున కట్టెను లాగుటకు ముందు కఱ్ఱతో తట్టవలెను. తేళ్లును పాములును ఆ యెండుచోటినే వెదకికొని వచ్చును.