అందరూ గీసిన పటం

2010 జనవరి 12 సాయంత్రం 4 గంటల 53 నిమిషాలకు హైతీ రాజధాని పోర్ట్ ఓ ప్రిన్స్ కింద భూమి కదిలింది. తీవ్రత 7.0. అధ్యక్ష భవనం కూలింది. ఐక్యరాజ్యసమితి శాంతిదళం కార్యాలయం పెట్టుకున్న క్రిస్టఫర్ హోటల్ కూలింది. మూడో కట్టడం సంగతి అంతగా ఎవరికీ గుర్తుండదు. అది దేశానికి పటాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థది. అక్కడి ఉద్యోగులు కొందరు శిథిలాల కిందే పోయారు.

వివిధ దేశాల నుంచి దిగిన రక్షణ బృందాల దగ్గర వాసన పట్టే కుక్కలున్నాయి, కాంక్రీటు కోసే రంపాలున్నాయి. సందుల పేర్లతో సహా చూపించే పటం మాత్రం లేదు. అప్పటి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ తెరిచి చూసినా కొన్ని పెద్ద రోడ్లు, వాటి చుట్టూ ఖాళీ.

జనమే గీసే ఆ పటానికి అప్పటికి ఆరేళ్లు కూడా నిండలేదు. బ్రిటన్‌లో ఆర్డ్‌నెన్స్ సర్వే దగ్గర చక్కటి పటాలుండేవి. అది ప్రభుత్వ సంస్థే అయినా, ఆ పటాలు వాడుకోవాలంటే రుసుములు, షరతులు. 2004లో లండన్‌లో చదువుకుంటున్న స్టీవ్ కోస్ట్‌కు ఇది నచ్చలేదు. జీపీఎస్ పట్టుకుని తిరిగి మనమే గీసుకుందాం, ఎవరైనా చేర్చొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు అన్నాడు. అలా పుట్టిందే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. ఆ పటం లోపలి అమరిక మన ముగ్గులాంటిదే. ముందు చుక్కలు, తర్వాత చుక్కల్ని కలిపే గీతలు. ప్రతి చుక్కకూ అక్షాంశ రేఖాంశాలుంటాయి. చుక్కకైనా గీతకైనా అదేమిటో చెప్పే చీటీలు తగిలిస్తారు: రోడ్డు, వంతెన, ఆసుపత్రి.

భూకంపం వచ్చిన మర్నాడే జియోఐ సంస్థ ఉపగ్రహ చిత్రాలు విడుదల చేసింది. ఇళ్లలో కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్లు, మొదటి నెలలోనే 600 మందికి పైగా, ఆ చిత్రాల మీద వీధి కనబడ్డ చోటల్లా గీత గీశారు. టార్పాలిన్లు గుంపుగా కనిపిస్తే నిరాశ్రయుల శిబిరం అని చీటీ, కూలిన ఇంటికి మరో చీటీ. అమెరికాలోని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ రక్షణ బృందం ఈ పటాన్నే చేతి జీపీఎస్‌లలోకి ఎక్కించుకుని నగరంలో తిరిగింది.

గీతలైతే వచ్చాయి. ఎవరికి ఏం కావాలో గీతలు చెప్పవు కదా. ఆ పని ఉషాహిది అందుకుంది. కెన్యాలో 2007 ఎన్నికల తర్వాత చెలరేగిన హింసను నమోదు చేయడానికి 2008 జనవరిలో పుట్టిన సాఫ్ట్‌వేర్ అది. స్వాహిలీలో ఆ మాటకు సాక్ష్యం అని అర్థం. హైతీలో 4636కి ఉచితంగా ఎస్సెమ్మెస్ పంపే ఏర్పాటు జరిగింది. సందేశాలు క్రియోల్ భాషలో వచ్చేవి. వాటిని ఇంగ్లీషు చేసినవాళ్లు పరదేశాల్లో స్థిరపడ్డ హైతీయులు. చిక్కంతా ఊరి పేర్లలోనే. ఫ్రెంచి పటంలో కార్‌ఫూర్ అని ఉన్న పేటను జనం కఫూ అంటారు, అలాగే రాస్తారు. యంత్రానికి అవి రెండు వేర్వేరు చోట్లు. అక్కడ పుట్టి పెరిగినవాడికి ఒక్కటే. హైదరాబాదులో 2005 ఆగస్టు 15న మొదలైన 108 సేవలో ఫోనెత్తేవాళ్లకు ఇదేం వింత కాదు. రావిచెట్టు పక్క సందు, పాత సినిమా హాలు వెనక అనే చిరునామాలతోనే మనవాళ్ల బతుకు గడుస్తుంది.

ఈ కథను కొందరు సినిమాలా చెబుతారు, ఎస్సెమ్మెస్ రాగానే శిథిలాల్లోంచి మనిషిని లాగినట్టు. నిజానికి వచ్చిన సందేశాల్లో ఎక్కువ భాగం తిండి, నీళ్లు, మందుల కోసమే. పైనుంచి చూడటానికీ ఓ హద్దుంది. అంతస్తులు అట్ల దొంతరలా ఒకదానిమీద ఒకటి పడ్డప్పుడు పైకప్పు చెక్కుచెదరకుండా మిగులుతుంది. ఉపగ్రహం కంటికి ఆ ఇల్లు క్షేమం.

ఇంకో తంటా కూడా వచ్చింది. ఇద్దరు ఒకే వీధిని గీసేవారు, పక్క పేటను ఎవరూ ముట్టుకునేవారు కాదు. 2010లోనే సంస్థగా ఏర్పడ్డ హ్యుమానిటేరియన్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ టీమ్ దీనికోసం టాస్కింగ్ మేనేజర్‌ను తయారుచేసింది. నగరాన్ని గళ్లుగా కోసి, ఒక గడిని ఒకరు తీసుకోగానే మిగతావాళ్లకు తాళం వేస్తుంది. గీశాక వేరొకరు సరిచూస్తారు. నాట్లప్పుడు తలా ఒక మునుం పట్టినట్టు.

2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో 7.8 తీవ్రతతో భూకంపం వచ్చేసరికి కాఠ్మాండూ అలా ఖాళీగా లేదు. 2012 చివర్లోనే అక్కడి యువకులు లోయలోని బళ్లు, ఆసుపత్రులు ఒక్కొక్కటిగా తిరిగి పటంలో చేర్చడం మొదలుపెట్టారు. ఆ పనిలోంచే కాఠ్మాండూ లివింగ్ ల్యాబ్స్ పుట్టింది. భూకంపం తర్వాత సహాయం కోరుతూ వచ్చిన కబురు నిజమో కాదో వీళ్లు ఫోన్ చేసి కనుక్కునేవారు.

అదే ఏడాది డిసెంబర్లో చెన్నై మునిగింది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద కట్టిన వరద పటంలో జనం తమ వీధిని నొక్కితే మునిగినట్టు రంగు మారేది. అలా రంగు మారినవి వేల వీధులు. వీధి మునిగిందని చెప్పడానికి అందరూ ముందుకొస్తారు. నీళ్లు తీశాయని మళ్లీ వచ్చి నొక్కాలని ఎంతమందికి గుర్తుంటుంది?

హైతీలో పరదేశీ రక్షణ బృందాలు తిరిగి వెళ్లాక కూడా పని ఆగలేదు. అక్కడి యువకులే జీపీఎస్‌లు పట్టుకుని సందుల్లో నడిచారు, పైనుంచి కనబడనివాటిని అడిగి రాసుకున్నారు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఇప్పుడు ఒకే చోటికి ఫ్రెంచి పేరుకు ఒక చీటీ, క్రియోల్ పేరుకు ఇంకో చీటీ తగిలించొచ్చు. తెలుగు పేరు కోసమూ అక్కడ ఒక చీటీ ఉంది. మన ఊళ్లలో ఎన్నో సందులకు దాన్నింకా ఎవరూ రాయలేదు.