ఆగడం తెలిసిన బేస్

1981 చివర్లో జపాన్‌కు చెందిన రోలాండ్ కంపెనీ వెండిరంగు పెట్టె ఒకటి మార్కెట్లోకి తెచ్చింది. పేరు టీబీ-303. చంకలో పెట్టుకుపోయేంత చిన్నది, బ్యాటరీలతోనూ పనిచేస్తుంది. ఒంటరిగా సాధన చేసుకునే గిటారిస్టు వెనక బేస్ గిటార్ వాయించే తోడు లేని లోటు తీర్చడం దాని పని. తడావో కికుమోతో అనే ఇంజనీరు దాన్ని రూపొందించాడు. కానీ ఆ పెట్టె బేస్ గిటార్‌లా పలకనే లేదు. స్వరాలు ఎక్కించడానికి కూడా చాలా ఓపిక కావాలి. సుమారు 10 వేల పెట్టెలు తయారయ్యాక 1984లో కంపెనీ దాన్ని ఆపేసింది.

అక్కడితో దాని కథ అయిపోవాల్సింది. కానీ మన ఏజెన్సీ ఊళ్లలో పెళ్లి ఊరేగింపు డీజే బాక్సుల్లోంచి వచ్చి గుండె మీద కొట్టే బేస్‌కు ఇప్పటికీ ఆ పెట్టెతో చుట్టరికం ఉంది.

దాని లోపల ఆసిలేటర్ అనే భాగం కరెంటును రంపపు పళ్ల ఆకారంలో ఆడిస్తుంది. రంపపు తరంగంలో అసలు శ్రుతితో పాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు, ఇలా పైశ్రుతులన్నీ ఉంటాయి. పైకి పోయేకొద్దీ వాటి బలం తగ్గుతుంది. ఈ గరగరలాడే ధ్వనిని ఫిల్టర్‌లోంచి పంపితే పైశ్రుతులు తెగిపోయి అడుగునున్న గంభీరమైన నాదం మిగులుతుంది. ఎక్కడ తెగాలో ఒక నాబ్ చెబుతుంది, తెగేచోట ఎంత కీచుమనాలో ఇంకోటి. స్వరం మొదలవగానే ఫిల్టర్ ఎంత తెరుచుకోవాలి, ఎంత వేగంగా మూసుకోవాలి అన్నవాటికి మరో రెండు.

ధ్వనిని ఇలా ఫిల్టర్‌తో మలిచే విద్యకు ఆద్యుల్లో ముఖ్యుడు అమెరికాకు చెందిన రాబర్ట్ మూగ్. 1964లో కరెంటుతో ధ్వని పుట్టించే సింథసైజర్ మీద ఆయన పని మొదలైంది, 1969లో ఆయన ఫిల్టర్‌కు పేటెంట్ వచ్చింది. అందులో శ్రుతి ఒక స్థాయి పైకి వెళ్లేసరికి ధ్వని 24 డెసిబెల్స్ తగ్గుతుంది. అంటే తరంగం ఎత్తు పదహారో వంతుకు పడిపోతుంది. అదే ఏడాది అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు ఒక మూగ్ యంత్రం చేరింది. డేవిడ్ ట్యూడర్ అనే అమెరికన్ సంగీతకారుడు దాన్ని అక్కడ అమర్చాడు. మన దేశంలో ఎలక్ట్రానిక్ సంగీతం గోవా బీచ్‌ల్లో పుట్టిందనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

టీబీ-303కు తొలినాళ్లలోనే గౌరవం దక్కిన చోట్లలో బొంబాయి ఒకటి. హిందీ సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించే చరణ్‌జీత్ సింగ్ 1982లో పది హిందుస్తానీ రాగాలను డిస్కో తాళానికి కట్టి ఒక ఎల్పీ చేశాడు. వాడిన యంత్రాలు మూడు: జూపిటర్-8 సింథసైజర్, టీఆర్-808 డ్రమ్ యంత్రం, టీబీ-303. ఈ చివరిదానిలో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే సదుపాయం ఉంది. రాగానికి జారు ఎంత ప్రాణమో తెలిసినవాడు కాబట్టి, యంత్రం చేసినవాళ్లు ఊహించని పని దానితో చేయించాడు. ఆ రికార్డు పెద్దగా అమ్ముడుపోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచం విని నోరెళ్లబెట్టింది. 2015లో ఆయన వెళ్లిపోయాడు. బతికుండగానే ఆ గుర్తింపు చూశాడన్నది నాకు నిజంగా తృప్తి కలిగించే విషయం.

షికాగోలో ఫ్యూచర్ అనే బృందం సెకండ్ హ్యాండ్‌లో కొన్న 303 నాబ్‌లు తిప్పుతూ చేసిన పాట 1987లో వచ్చింది. యాసిడ్ హౌస్ అనే సంగీతం దానితో ఊపందుకుంది. తర్వాత ఆ కీచు ధ్వని గోవాలోని అంజునా పార్టీలకు చేరి, 1990లలో గోవా ట్రాన్స్‌గా, ఆ తర్వాత సైట్రాన్స్‌గా మారింది.

చిత్రమేమిటంటే, బేస్ కోసం పుట్టిన 303 సైట్రాన్స్‌లో బేస్ వాయించడం తక్కువ. అది పైన మెలికలు తిరుగుతూ పాడుతుంది. అడుగున నడిచే బేస్‌ను వేరే సింథసైజర్లు, ఈ రోజుల్లో ఎక్కువగా కంప్యూటర్ ప్రోగ్రాములు మోస్తాయి. ఎందుకో తెలియాలంటే ఆ బేస్‌ను దగ్గరగా చూడాలి.

చతురశ్ర గతి తెలిసినవాళ్లకు ఇది సులువు. త-క-ది-మి అనుకోండి. ‘త’ మీద కిక్, అంటే డ్రమ్ దెబ్బ. ‘క’, ‘ది’, ‘మి’ మూడింటి మీదా బేస్. పాట పొడుగునా ఇదే నడక. నిమిషానికి 145 దెబ్బల వేగమైతే ఒక్కో అక్షరానికి దొరికేది 103 మిల్లీసెకన్లు. బేస్ శ్రుతి 46 హెర్ట్జ్ దగ్గర ఉందనుకుంటే, తరంగం ఒకసారి పైకి లేచి కిందికి దిగడానికే 21 మిల్లీసెకన్ల పైన పడుతుంది. అంటే ఒక స్వరం మొత్తం ఆయుష్షులో ఐదు ఊపులు కూడా పట్టవు. స్వరాల మధ్య ఖాళీ కూడా వదలాలి కాబట్టి మూడో నాలుగో మిగులుతాయి.

మూడు నాలుగు ఊపులే ఉన్నప్పుడు మొదటి ఊపు ఎక్కడ మొదలైందన్నదే సర్వస్వం. 303లాంటి పాత యంత్రాల్లో ఆసిలేటర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. స్వరం నొక్కిన క్షణానికి తరంగం పైన ఉండొచ్చు, కింద ఉండొచ్చు. అందువల్ల ఒక స్వరం గట్టిగా, పక్కది నీరసంగా వస్తుంది. సైట్రాన్స్ చేసేవాళ్లు ప్రతి స్వరానికీ తరంగాన్ని మళ్లీ మొదటి నుంచి ఎత్తుకునే సింథసైజర్లనే ఎంచుకుంటారు.

కిక్‌తోనూ ఇదే తంటా. కిక్ తోక ‘క’ మీదికి సాగితే రెండు తరంగాలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఉయ్యాలను ఒకరు ముందుకు తోస్తుంటే ఇంకొకరు వెనక్కి లాగినట్టు, రెండూ కలిసి బలం పెరగాల్సింది పోయి సన్నబడిపోవచ్చు. అందుకే బేస్ మొదలయ్యేలోపు కిక్ ముగిసిపోయేలా కోస్తారు. ఫిల్టర్‌ను మొదట్లో కాస్త తెరిచి వెంటనే మూస్తారు. ‘టక్’ అన్న అంచు ముందు చెవికి అందుతుంది, వెనకాలే ‘డుమ్’ ఒంటికి తగులుతుంది. బేస్ డిజైన్ అంటే లావుపాటి ధ్వని కోసం వెతకడమని కొత్తవాళ్లు అనుకుంటారు. నా దృష్టిలో అది ధ్వనిని సమయానికి ఆపే విద్య. మన డీజే బాక్సుల్లో బేస్ నాబ్ చివరిదాకా తిప్పేస్తే దరువు పోయి గుమ్మనే హోరు మిగిలేది, స్వరానికి స్వరానికి మధ్య ఖాళీ చచ్చిపోయినందుకే.

ఈ ఖాళీ విలువ మన అడవిలో డోలి అనే డోలు వాయించేవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. భద్రాచలం చుట్టుపక్కల కొమ్ము కోయలు అడవి దున్న కొమ్ముల తలపాగాలతో ఆడే పెర్మకోక్ ఆటలో పెద్ద డోలు దరువే అడుగును నడిపిస్తుంది. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు కంచు మేళం, డోలి కళలో 2022లో పద్మశ్రీ అందుకున్నారు. సమ్మక్క సారలమ్మ కథలు ఆ డోలి మీదే చెప్పారు. 2024లో కన్నుమూశారు.

అడవిలో దూరం నుంచి ముందు డోలి, దగ్గరయ్యాక కంచు మేళం వినిపించడంలో భౌతికశాస్త్రం ఉంది. 5000 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు 7 సెంటీమీటర్లే. ఆకులు, కొమ్మలు దాన్ని చెదరగొట్టేస్తాయి, గాలి కూడా కొంత మింగేస్తుంది. 46 హెర్ట్జ్ తరంగం పొడవు 7 మీటర్ల పైమాట. టేకు మాను దానికి అడ్డే కాదు, చుట్టి వచ్చేస్తుంది.

అయితే ఫోన్‌లో చూసే డోలి వీడియోల్లో ఈ అడుగు నాదం దాదాపు వినిపించదు. ఆ చిన్న స్పీకర్ అంత కింది శ్రుతిని పలికించలేదు. సైట్రాన్స్ బేస్ ఫోన్‌లో కాస్తయినా తెలియడానికి కారణం దాని పైశ్రుతులు. 184, 230, 276 హెర్ట్జ్‌ల వరస వింటే, లేని 46ను మెదడే పూరించుకుంటుంది. తోలు వాద్యం పైశ్రుతులు సాధారణంగా అలా సరిగ్గా రెండింతలు, మూడింతల లెక్కలో ఉండవు కాబట్టి డోలికి ఆ ఆసరా కూడా తక్కువ.

భద్రాచలం, కొత్తగూడెం, ఖమ్మం కాలేజీల్లో ఫిజిక్స్ చదివేవాళ్లకు, ఇంట్లో కంప్యూటర్‌లో పాటలు చేసుకునే కుర్రాళ్లకు నాదొక విన్నపం. సర్జ్ ఎక్స్‌టీ అనే సింథసైజర్ ఉచితంగా దొరుకుతుంది. త-క-ది-మి బేస్ ఒకటి కట్టి, స్వరాన్ని పొడిగిస్తూ, కుదిస్తూ తేడా వినండి. ఆ తర్వాత కింది శ్రుతులను పట్టే మైకు సంపాదించి, డోలి కళాకారుల దగ్గరికి వెళ్లి, వాళ్ల అనుమతితో, వాళ్ల శ్రమకు డబ్బు చెల్లించి రికార్డు చేయండి. ఆ దరువును మీ పాటలో వాడితే వాయించినవాళ్ల పేరు ముందు రాయండి.