నిద్రలో కనిపించు కుంగుబాటు జాడ

జ్వరము వచ్చినవానికి వైద్యుడు థర్మామీటరు పెట్టి చూచును. రక్తహీనతను తెలిసికొనుటకు రక్తపరీక్ష కలదు. కాని మనస్సు కుంగిపోయినవాని వ్యాధిని కొలుచుటకు అట్టి సాధనమేదియు లేదు. రోగి చెప్పినది వినుట, అతని తీరును గమనించుట, ఇవియే వైద్యునికి ఆధారములు. ఈ కొరతను తీర్చుటకు నిద్ర తోడ్పడునేమోయని వెదకినవారిలో ముఖ్యుడు అమెరికా మనోవైద్యుడు డేవిడ్ కుప్ఫర్.

కుంగుబాటు, అనగా డిప్రెషన్, సామాన్యమైన విచారము కాదు. కనీసము రెండు వారములపాటు దాదాపు ప్రతిదినము మనస్సు క్రుంగియుండుట, దేనియందును ఆసక్తి లేకపోవుట, ఆకలి తప్పుట, ఊరక అలసిపోవుట దీని లక్షణములు. నిద్ర చెడుట వీనిలో తరచుగా కనిపించునది. కొందరికి ఎంతకును నిద్రపట్టదు. కొందరు కోడి కూయకమునుపే మేల్కొని మరల నిద్రపోలేరు. మరికొందరు మితిమీరి నిద్రింతురు.

నిద్రలోని దశలు

నిద్ర రాత్రియంతయు ఒకే తీరున సాగదు. నిద్రించువాని తలపై చిన్న లోహపు బిళ్ళల నంటించి, మెదడునందలి విద్యుత్తరంగములను యంత్రముచే గీయించినచో ఈ సంగతి స్పష్టమగును. మొదట తేలికనిద్ర, పిదప గాఢనిద్ర వచ్చును. గాఢనిద్రలో తరంగములు పెద్దవై నెమ్మదిగా సాగును.

1953లో చికాగో విశ్వవిద్యాలయమునకు చెందిన ఆసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అను శాస్త్రజ్ఞులు మరియొక దశను వర్ణించిరి. ఆ దశలో మూసిన రెప్పల క్రింద కనుగ్రుడ్లు వడివడిగా కదలును. మెదడు తరంగములు మెలకువనాటివానిని పోలియుండును. స్పష్టమైన కలలు ఎక్కువగా అప్పుడే వచ్చును. దీనిని శాస్త్రజ్ఞులు రెమ్ నిద్ర అందురు. స్వప్ననిద్ర అని మనము చెప్పుకొనవచ్చును. ఆరోగ్యవంతులకు నిద్రపట్టిన సుమారు 90 నిమిషములకు మొదటి స్వప్ననిద్ర వచ్చి, కొద్దిసేపు మాత్రమే ఉండును. తెల్లవారుచున్నకొలది ఇది దీర్ఘమగును.

ముందుగా వచ్చు స్వప్ననిద్ర

నిద్రపట్టుటకును, మొదటి స్వప్ననిద్రకును నడుమగల ఈ వ్యవధిపై కుప్ఫర్ దృష్టి నిలిచెను. కుంగుబాటుగల రోగులలో పలువురికి ఇది తగ్గుచున్నదని ఆయనయు, ఫాస్టరును 1972లో ‘లాన్సెట్’ వైద్యపత్రికలో ప్రకటించిరి. ‘బయొలాజికల్ సైకియాట్రీ’ పత్రికయందు 1976లో కుప్ఫర్ ఈ తగ్గుదలను కుంగుబాటునకు ఒక శారీరకమైన గుర్తుగా ప్రతిపాదించెను. ఇట్టి రోగులలో గాఢనిద్ర తగ్గుటయు, మొదటి స్వప్ననిద్ర ఎక్కువసేపు ఉండుటయు కూడ కనుగొనబడినవి. తెల్లవారుజామున పాడవలసిన భూపాలమును తొలిజామునందే ఎత్తుకొన్నట్లు, రాత్రి చివర రావలసినది మొదటికే వచ్చుచున్నదన్నమాట. నిద్ర కొరత పడుట మాత్రమే కాదు, దాని వరుస కూడ తప్పుచున్నది.

ఈ గుర్తు నమ్మదగినదేనా?

మనోవైద్యునికి ఇక థర్మామీటరు దొరకినదని చాలమంది ఆశించిరి. కాని ఆ ఆశ పూర్తిగా నెరవేరలేదు. వయస్సు పెరిగినకొలది ఈ వ్యవధి సహజముగానే తగ్గును. పగటిపూటకూడ నిద్ర ముంచుకొనివచ్చు నార్కోలెప్సీ అను వ్యాధిలో నిద్రపట్టిన కొద్ది నిమిషములకే స్వప్ననిద్ర రావచ్చును. కుంగుబాటునకు వాడు మందులలో చాలవరకు స్వప్ననిద్రను అణచును. 1992లో బెంకా మొదలగువారు 177 పరిశోధనలను, 7,151 మంది వివరములను ఒకచోట చేర్చి పరిశీలించిరి. నిద్రకు సంబంధించిన ఏ యొక్క లక్షణమును ఒక్క మానసికవ్యాధికే పరిమితము కాదని తేలెను. కనుక నిద్రగీతలను మాత్రమే చూచి ఒకనికి కుంగుబాటు కలదనిగాని, లేదనిగాని చెప్పరాదు.

అయినను ఆ శ్రమ వృథా కాలేదు. నిద్ర చెడుట పైపై బాధ కాదు, వ్యాధిలోని భాగమే యను సంగతి దానివలన గట్టిపడెను. 1989లో బైసీ, కుప్ఫర్ మొదలైనవారు పిట్స్‌బర్గు నిద్రానాణ్యతా సూచికను ప్రకటించిరి. గడచిన నెలనాటి నిద్రనుగురించి రోగి స్వయముగా జవాబు చెప్పుకొనదగిన 19 ప్రశ్నలు ఇందు కలవు. మొత్తము 21 మార్కులలో 5 మించినచో నిద్ర సరిగా లేదని అర్థము. దీనికి యంత్రముతో పనిలేదు. కాగితము, కలము చాలును.

ఆ సంవత్సరమే ఫోర్డు, కామెరో అనువారు మరియొక విషయము తెలిపిరి. 7,954 మందిని ప్రశ్నించి, ఏడాది తరువాత మరల విచారించగా, రెండుసార్లును నిద్రలేమి ఉన్నదన్నవారిలో క్రొత్తగా కుంగుబాటు కలుగుట చాల హెచ్చుగా కనిపించెను. నడుమ నిద్రలేమి తొలగినవారిలో ఆ అపాయము అంతగా లేదు. నిద్రలేమియే వ్యాధికి కారణమని దీనివలన రుజువు కాదు. అది రాబోవు వ్యాధికి తొలిసూచన కావచ్చును. ఎట్లైనను హెచ్చరిక హెచ్చరికయే.

ఇంటిలో ఒకరు వారములతరబడి వేకువకు ముందే మేల్కొని, దిగులుగా కూర్చుండుచున్నచో, “ఆలోచనలు మానుము, నిద్ర అదే వచ్చును” అని మందలించి ఊరకుండరాదు. ఆ మేల్కొనుట సోమరితనమును కాదు, మనోబలము లేకపోవుటయును కాదు. అది వైద్యునికి చెప్పదగిన లక్షణము. కుంగుబాటునకు చికిత్స కలదు. ఆ లక్షణమును వినువారుండిన చికిత్స త్వరగా ఆరంభమగును.