బొమ్మలో బొమ్మ కనిపించకపోతే

హనుమాన్ జంక్షన్‌లో ఆంజనేయస్వామి గుడి దగ్గర దక్షిణానికి తిరిగితే ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో గుడివాడ. ఎస్.వి. రామారావుగా పేరుపొందిన సిరిగినీడి వెంకట రామారావు 1936లో పుట్టింది అక్కడే. మద్రాసు చిత్రకళాశాలలో కె.సి.ఎస్. పణిక్కర్ దగ్గర చదువుకుని, 1962లో కామన్వెల్త్ ఫెలోషిప్ మీద లండన్‌లోని స్లేడ్ స్కూల్‌కి వెళ్లారు. ఆ తర్వాత అమెరికాలో స్థిరపడ్డారు. 2001లో పద్మశ్రీ వచ్చింది. ఆయనకు పేరు తెచ్చినవి నైరూప్య చిత్రాలు: మనిషినీ చెట్టునీ ఇంటినీ వెతికితే దొరకని, రంగులతోనే నిండిన కాన్వాసులు. మన కృష్ణా జిల్లా మనిషి దేశాలు దాటి పేరు తెచ్చుకున్న ఈ కళ మన జిల్లాలో చాలామందికి ఇప్పటికీ కొరుకుడు పడదు. అందులో జనం తప్పేమీ లేదు. చూపించినవాళ్లు తక్కువ, ఓపిగ్గా విడమరిచి చెప్పినవాళ్లు ఇంకా తక్కువ.

అలాంటి బొమ్మ ముందు నిలబడ్డవాళ్లు మొదట "ఇదేంటి?" అంటారు. కాసేపాగి "ఇలాంటిది మా పిల్లాడూ వేస్తాడు" అంటారు. రెండూ అడగాల్సిన మాటలే. రెండోదానికి జవాబు తేలిక గనక ముందు అది చెబుతాను.

నైరూప్యం దాకా వచ్చిన పెద్ద చిత్రకారుల్లో ఎక్కువమంది ముందు ఉన్నదాన్ని ఉన్నట్టు వేయడంలో చేయి తిరిగినవాళ్లు. డచ్ చిత్రకారుడు మోండ్రియాన్ అడ్డగీతలూ నిలువుగీతలతో ప్రసిద్ధుడు. అంతకుముందు ఆయన ఏళ్ల తరబడి చెట్లు వేశాడు. ఆ చెట్లను వరసగా చూస్తూపోతే ముందు ఆకులు పోతాయి, తర్వాత కొమ్మలు వంపులుగా మారతాయి, చివరికి ఆ వంపులు కూడా గీతల్లో కలిసిపోతాయి. పణిక్కర్ కూడా నీటిరంగుల్లో కేరళ ప్రకృతిని వేసిన తర్వాతే, 1963 నుంచి అక్షరాలూ గుర్తులూ నిండిన చిత్రాల వైపు మళ్లారు. ఏది తీసేయాలో తెలియాలంటే ముందు అది చేతికి వచ్చి ఉండాలి.

ఇక మొదటి ప్రశ్న. బొమ్మలోంచి వస్తువును తీసేస్తే ఏం మిగులుతుంది? రంగు, గీత, కాన్వాసు పరిమాణం, ఖాళీ, రంగు పొర గరుకుదనం. వీటికి సొంతంగా బలం ఉంటుందా అన్న సందేహానికి ఒక పాత కథలో జవాబుంది. పారిస్‌లో గోబెలిన్ అనే ప్రసిద్ధ నేత కార్ఖానా ఉంది. అక్కడి అద్దకం విభాగాన్ని చూసుకునే రసాయన శాస్త్రవేత్త షెవ్రల్‌కి ఒక ఫిర్యాదు వచ్చింది, నల్లదారం వెలవెలబోతోందని. ఆయన రంగును పరీక్షించి చూస్తే లోపమేమీ లేదు. నలుపు పక్కన నేసిన నీలం, ఊదా దారాలే దాన్ని పలచగా కనిపించేలా చేస్తున్నాయని తేలింది. ఒక రంగు పక్కనున్న రంగును ఎలా మారుస్తుందో వివరిస్తూ 1839లో ఆయన వేసిన పుస్తకం తర్వాతి చిత్రకారులకు పాఠ్యగ్రంథమైంది.

ఇది కళ్లారా చూడాలంటే పారిస్ దాకా వెళ్లక్కర్లేదు. పెడనలో కలంకారీ అద్దకం చూడండి. గుడ్డను ముందు కరక్కాయ నీళ్లలో తడిపి ఆరబెడతారు. తుప్పు ఇనుమూ బెల్లమూ నీళ్లలో నానబెట్టి తీసిన కషాయంలో చెక్క అచ్చు ముంచి ఆ గుడ్డ మీద కొడితే, కరక్కాయలోని వగరు ఇనుముతో కలిసి నల్లగా తేలుతుంది. అదే నలుపు గీత ఎరుపు పక్కన ఒకలా, లేత పసుపు మీద మరోలా కనిపిస్తుంది. అచ్చులో పువ్వుందా, లతుందా అన్నది వేరే సంగతి. కంటిని పట్టి ఆపేది ఆ రంగుల సంబంధం. నైరూప్య చిత్రకారుడు పువ్వునీ లతనీ పక్కన పెట్టి, ఆ సంబంధం మీదే జీవితమంతా పనిచేస్తాడు. జంక్షన్‌కి అటుపక్క నూజివీడులో తయారయ్యే వీణ మీద ఆలాపన వింటూ మనం అర్థం అడగం. ఈ బొమ్మను కూడా అలాగే చూడాలి.

కాండిన్‌స్కీ అనే రష్యన్ చిత్రకారుడు దీన్ని తన గదిలోనే గ్రహించాడు. మ్యూనిక్‌లో ఒక సాయంత్రం మసక వెలుతురులో ఇంటికొచ్చేసరికి గోడకు ఆనించిన ఒక అద్భుతమైన చిత్రం కనిపించింది. దగ్గరికెళ్లి చూస్తే అది తనదే, అడ్డంగా తిరిగి ఉంది. మర్నాడు పగటి వెలుగులో అలాగే పెట్టి చూశాడు. వస్తువులు గుర్తుకొచ్చేశాయి, ముందురోజు సాయంత్రం కలిగిన అనుభూతి రాలేదు. తన చిత్రాలకు వస్తువే అడ్డమని అప్పుడు అర్థమైందని 1913లో రాసుకున్నాడు.

మన దేశంలో ఈ దారిలో చివరిదాకా నడిచినవారు వాసుదేవ్ గైతోండే. రోలర్‌తోనూ కత్తితోనూ రంగును పొరలుగా పరుస్తూ ఏడాదికి అయిదారు కాన్వాసులకు మించి వేసేవారు కాదు. అది బద్ధకం అనుకోకూడదు. తైలవర్ణంలో కింది పొర పలచగా ఉండాలి, పై పొరల్లో నూనె పాలు పెరగాలి. తిరగేస్తే పైది ముందు ఆరి, కొన్నాళ్లకు బీటలు వారుతుంది. ఒక పొర ఆరడానికి రోజులు పడుతుంది. ఆ రోజులన్నీ చిత్రకారుడు చేసే పని చూడటం. ఇంకో పొర వేయాలా, ఇక్కడితో ఆపాలా? చెట్టు వేసేవాడికి చెట్టు పూర్తయిందని తెలుస్తుంది. ఇతనికి అలా చెప్పేదేదీ ఎదురుగా ఉండదు. ఈ కళలో అన్నిటికన్నా కష్టమైన నిర్ణయం ఇదేనని నా నమ్మకం.

మరి ఇన్ని రోజులు చూస్తూ కూర్చుంటే పొట్ట గడిచేదెలా? పణిక్కర్ పూనికతో 1966లో మద్రాసు శివార్లలో చోళమండలం కళాకారుల గ్రామం వెలిసింది. అక్కడి కళాకారులు బాతిక్ గుడ్డలు, చేతిపని వస్తువులు చేసి అమ్మి, ఆ డబ్బుతో తమ అసలు పని సాగించారు. రామారావు పాఠాలు చెప్పి బతికారు. కృష్ణకు అవతల తుమ్మపూడిలో సంజీవదేవ్ పల్లెటూళ్లో ఉంటూనే బొమ్మలు వేస్తూ, తెలుగులో కళాతత్త్వం మీద జీవితమంతా రాశారు. బొమ్మలు అమ్ముడుపోవాలన్న ఒత్తిడి లేనప్పుడే చేయి స్వేచ్ఛగా కదులుతుంది. పక్కన ఒక ఉపాధి ఉండటం కళాకారుడికి చిన్నతనం కాదని మన తల్లిదండ్రులు గుర్తించాలి. పిల్లలకు కూడా ఆ మాట ముందే చెప్పాలి.

ఇవన్నీ చదివితే సగమే తెలుస్తుంది. ఆరడుగుల కాన్వాసు ఫోన్ తెరలో అరచేతి మరక అయిపోతుంది. పొరలు కనిపించవు, కొలత తెలియదు. డ్రాయింగ్ మాస్టారు ఉన్న స్కూళ్లయినా ఏడాదికోసారి పిల్లల్ని బస్సెక్కించి రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్లాలి. అక్కడున్నవి నైరూప్యాలు కావు, అయినా అసలు రంగును దగ్గర్నుంచి చూసే అలవాటు అక్కడ మొదలవుతుంది. మద్రాసు వెళ్లే పనున్నవాళ్లు చోళమండలంలోని మ్యూజియానికి ఒక పూట కేటాయించండి. ఒక్క చిత్రం ముందు పది నిమిషాలు నిలబడండి. ఇక ప్రభుత్వానికి ఒక విన్నపం: గుడివాడలోనో విజయవాడలోనో ఒక గది చూసి, ఎస్.వి. రామారావు అసలు కాన్వాసులు కొన్ని అందులో శాశ్వతంగా ఉంచండి, టికెట్ లేకుండా.