వెలుగూ నీడా తెలిస్తే మేకప్ వచ్చినట్టే

పెళ్లికూతురిని కుర్చీలో కూర్చోబెట్టగానే దాదాపు ప్రతి ఇంట్లో నాకు వినపడే మొదటి మాట ఒకటే: "కాస్త తెల్లగా కనపడేట్టు వెయ్యమ్మా." అమ్మ అనకపోతే మేనత్త, మేనత్త అనకపోతే పక్కింటి పిన్నిగారు. నా జవాబూ ఎప్పుడూ ఒకటే: "మెడా చేతులూ ఏ రంగులో ఉంటే ముఖమూ అదే రంగులో ఉండాలి పిన్నిగారూ. అప్పుడే అమ్మాయి కళగా ఉంటుంది." తెనాలిలో బ్యూటీపార్లర్ నడుపుతూ రోజూ ముఖాలు చూస్తున్నదాన్ని కాబట్టి గట్టిగానే చెబుతున్నాను. రంగు మార్చడం మేకప్ పని కాదు. ఉన్న ముఖంలో ఏది ముందుకు కనపడాలో, ఏది కాస్త వెనక్కి తగ్గాలో సర్దడమే దాని పని.

ఇది నాకు నేర్పింది మా నాన్న. పద్యనాటకాలకు మేకప్ వేసేవారు. రంగు డబ్బా మూత తీయకముందే స్టేజీ ఎక్కి లైట్లు ఎటునుంచి పడుతున్నాయో చూసొచ్చేవారు. లేత రంగు వేసినచోట వెలుగు నిలిచి ఆ భాగం ఎత్తుగా కనపడుతుంది. ముదురు రంగు వేసినచోట లోతుగా కనపడుతుంది. మిగతా మెళకువలన్నీ దీంట్లోంచి పుట్టినవే.

మీ షేడ్ ఏది?

ఫౌండేషన్ షేడ్‌ను మణికట్టు మీద చూసుకోవద్దు. దగ్గరదగ్గరగా ఉన్న మూడు షేడ్లు తీసుకుని, దవడ మీంచి మెడవైపు దిగేలా మూడు గీతలు గీయండి. అద్దం పట్టుకుని గుమ్మంలోకి, పగటి వెలుతురులోకి రండి. పది నిమిషాలు ఆగండి. కొన్ని ఫౌండేషన్లు గాలి తగిలి, చర్మంలోని జిడ్డుతో కలిసి ఒక పిసరు ముదురుతాయి. అప్పుడు ఏ గీత ఆనవాలు లేకుండా చర్మంలో కలిసిపోయిందో అదే మీ షేడ్. చామనఛాయ మీద రెండు షేడ్లు లేతది పూస్తే ముఖం తెల్లబడదు. అందులోని తెల్ల పిగ్మెంట్ వల్ల బూడిద రంగుకు తిరుగుతుంది. ఫొటోగ్రాఫర్ ఫ్లాష్ కొట్టగానే ముఖం ఒకటి, మెడ ఒకటిగా తేలిపోతాయి.

నలుగు పెట్టి పసుపు రాశాక ఆ పచ్చదనం వెంటనే పోదు. మర్నాడు ఉదయం షేడ్ చూస్తే లెక్క తప్పుతుంది. అందుకే పెళ్లికూతుళ్లకు నలుగుకు ముందే షేడ్ చూసి పెట్టుకుంటాను.

కళ్లకింద నలుపు

మన చర్మానికి కళ్లకింద నలుపు కాస్త నీలంగా, కాస్త గోధుమగా ఉంటుంది. దాని మీద నేరుగా కన్సీలర్ వేస్తే బూడిద పూసినట్టు ఉంటుంది. ముందు నారింజ రంగు కరెక్టర్ కావాలి. నీలాన్ని నారింజ విరిచేస్తుంది. బియ్యపుగింజంత తీసుకుని, నల్లగా ఉన్నచోట మాత్రమే ఉంగరపు వేలితో తట్టండి. ఆ వేలి ఒత్తిడి తక్కువ కాబట్టి పల్చటి చర్మం సాగదు. రుద్దకూడదు. నలుపు తగ్గి చర్మం రంగుకు వచ్చాక, పైన మీ షేడ్ కన్సీలర్ పల్చగా తట్టి, ఆ తర్వాతే పౌడర్ అద్దండి.

ముఖం తీరు

గుండ్రటి ముఖం కాస్త కోలగా కనపడాలంటే, మీ షేడ్ కన్నా రెండు షేడ్లు ముదురు, మెరుపులేని కాంటూర్ తీసుకోండి. చెవి దగ్గర మొదలుపెట్టి చెంప ఎముక కింద నోటి మూలవైపు గీయండి. కంటి బయటి మూలకు సూటిగా కిందికి వచ్చేసరికి ఆపేయండి. ఇంకా ముందుకు పోతే చెంపలు పీక్కుపోయినట్టు కనపడతాయి. కోలముఖానికైతే నుదుటి పైన వెంట్రుకల అంచుకూ గడ్డం కొసకూ నీడ వేసి, బ్లష్‌ను అడ్డంగా అద్దాలి. ముక్కు సన్నగా కనపడాలంటే రెండు పక్కలా సన్నటి నీడ, మధ్యలో సన్నటి వెలుగు చాలు. గీత కనపడిందంటే పని పూర్తికానట్టే. తడి స్పాంజితో తడుతూ అంచులు చెరిపేయండి. పెళ్లికూతురి నుదుటిని బాసికం కప్పేస్తుంది కాబట్టి నా శ్రద్ధంతా కళ్ల మీద, బుగ్గల మీద పెడతాను.

కళ్లు, పెదవులు

కనుబొమ ముక్కు పక్కనుంచి నిట్టనిలువుగా పైకి వెళ్లే గీత దగ్గర మొదలవ్వాలి. ముక్కుపుటం నుంచి కంటి బయటి మూల మీదుగా సాగే గీత దగ్గర ముగియాలి. పెన్సిల్‌తో గట్టి గీత గీయకుండా, ఖాళీలున్నచోట వెంట్రుకల్లా చిన్నచిన్న గీతలు పెట్టండి.

చిన్న కళ్లకు చుట్టూతా దట్టంగా కాటుక పెడితే ఇంకా చిన్నవవుతాయి. పైరెప్ప వెంట్రుకల మొదట్లో కాటుక నింపి, కిందిరెప్పకు బయటివైపు మూడోవంతులోనే పెట్టండి. దూరపుచూపు సరిగా లేక పెట్టుకునే మైనస్ అద్దాలు కళ్లను చిన్నవిగా చూపిస్తాయి కాబట్టి, రెప్ప మీద లేతరంగు వేయండి. హోమం పొగకు కళ్లు నీళ్లు కారతాయి కనుక పెళ్లికి వాటర్‌ప్రూఫ్ కాటుక తప్పనిసరి.

మనలో చాలామందికి పెదవుల అంచులు ముదురుగా, మధ్యభాగం లేతగా ఉంటుంది. లిప్‌స్టిక్ రంగుకు దగ్గరి లైనర్‌తో పెదవంతా నింపుకుంటే రంగు ఒక్క తీరున కనపడుతుంది. మొదటి పూత వేశాక టిష్యూతో అద్ది రెండో పూత వేయండి. చామనఛాయకు ఇటుకరంగు, మెరూన్, నేరేడుపండు రంగు నిండుగా ఉంటాయి. మరీ లేత గులాబీ వేస్తే పెదవులు పాలిపోయినట్టు ఉంటాయి.

చర్మం ముందు, రంగు తర్వాత

పాత తరం నాటకాలవాళ్లు ముఖానికి అర్దళం పూసుకునేవారు. అది ఆర్సెనిక్ ఉన్న ఖనిజం. ఇప్పుడు ఆ అవసరం లేదు కానీ జాగ్రత్త అవసరమే. ఊరూపేరూ లేని సుర్మాల్లో సీసం ఉండొచ్చు, కంటికి పెట్టొద్దు. కొత్త క్రీమేదైనా ముందురోజు మోచేతి లోపలివైపు రాసి చూడండి. డబ్బా మీద మూత తెరిచిన బొమ్మలో 12ఎం అని ఉంటే, తెరిచాక 12 నెలల్లో వాడేయమని అర్థం. మస్కారాను 3 నెలలకు మించి ఉంచొద్దు. కాటుక పుల్లలు అక్కాచెల్లెళ్లయినా పంచుకోవద్దు. ఎంత అలసిపోయినా మేకప్ తీయకుండా పడుకోవద్దు.

కొత్తగా నేర్చుకునేవాళ్లు సామానంతా ఒకేసారి కొనక్కర్లేదు. కనుబొమల పెన్సిల్, కాటుక, మీకు నప్పే ఒక్క లిప్‌స్టిక్‌తో మొదలుపెట్టండి. చెయ్యి కుదిరాక ఫౌండేషన్ జోలికి వెళ్లండి. దుకాణంలో ఎవరైనా "ఇది వాడితే తెల్లగా అవుతారు" అంటే ఆ డబ్బా అక్కడే పెట్టేసి, మీ దవడ మీద కలిసిపోయే షేడ్ చూపించమని అడగండి. మీ రంగుకు మీరు క్షమాపణ చెప్పుకోవలసిన పనిలేదు.