కత్తి పట్టిన చేతికి మార్కులెన్ని?

కంటి శుక్లం తీయించుకోబోయే పెద్దలు ఆస్పత్రి వరండాలో కూర్చుని మెల్లిగా అడిగే ప్రశ్న ఒకటుంది: "కోసేది పెద్ద డాక్టరుగారేనా, నేర్చుకునే కుర్రాడా?" గుడివాడలోని మా మేనత్తగారు ఈ మాట నాచేత పదిసార్లు అడిగించింది. అడిగితే తప్పేముంది? పెడనలో కలంకారీ అచ్చు నేర్చుకునేవాడి చేయి వణికితే గజం గుడ్డ చెడుతుంది. కంటికి ఆ వెసులుబాటు లేదు గదా!

అట్లా అని కుర్రాళ్ళెవరినీ ముట్టనీయకపోతే రేపటి పెద్ద డాక్టరు ఎక్కణ్ణించి వస్తాడు? కనుక అడగవలసింది, ఆ చేతిని ఎవరు కొలిచారని.

మన వైద్య విద్యార్థులు చేసిన ఆపరేషన్లన్నీ లాగ్‌బుక్కులో రాసుకుంటారు. ఎన్ని చేశాడో ఆ పుస్తకం చెబుతుంది, ఎలా చేశాడో చెప్పదు. వంద దోసెలు పోసినవాడల్లా దోసె తిరగవేయగలడా?

ఇందుకే అంతర్జాతీయ నేత్రవైద్య మండలివారు ఒక పట్టిక తయారు చేశారు. పేరు ఆస్కార్. సినిమా బహుమతి కాదు సుమా! ఫేకో ఆపరేషన్ పట్టికలో 20 అంశాలుంటాయి. గుడ్డ కప్పడం మొదలు గాటు మూయడం దాకా 14 మెట్లు, చేతితీరుకు మరో 6. ఒక్కోదానికి 2 నుంచి 5 దాకా మార్కులు. ఏం చేస్తే ఏ మార్కో గడిలోనే రాసి ఉంటుంది కాబట్టి గురువుగారి అభిమానానికి చోటు తక్కువ. 5 వచ్చినవాడు సమర్థుడు. నిపుణుడు అనే మెట్టు ఆ పట్టికలో లేనే లేదు. నాకు బాగా నచ్చింది అదే.

అన్నిటిలోకీ గడ్డు మెట్టు, కటకం మీది పొరను సుమారు 5 మిల్లీమీటర్ల గుండ్రంగా చింపడం. తాటాకు చీల్చినట్టు అది తన దారిన పక్కకు పరుగెత్తజూస్తుంది. వెనుక పొర ఇంకా పలచన. నడిమధ్యన వెంట్రుక మందంలో పదోవంతు కూడా ఉండదు. అది చిరిగితే లోపలి జిగురు పదార్థం ముందుకు పొంగుతుంది, చూపుకే ముప్పు. అందుకని ముందు మేక కళ్ళ మీద సాధన చేయిస్తారు. మేక కటకం మెత్తన కాబట్టి మందులతో గట్టిపరిచి ఇస్తారు.

1987లో గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు హైదరాబాదులో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థ చికిత్సతోపాటు శిక్షణను కూడా తన పనిగా పెట్టుకుంది. దాని ఆస్పత్రి 2011 నుంచి మన విజయవాడ పక్కన తాడిగడపలోనూ ఉంది. బందరు కాలవ గట్టు ఊళ్ళవారికి అది దగ్గరే.

ఇంకో చిక్కు చూడండి. శుక్లం ఆపరేషన్లో రోగి సాధారణంగా మెలకువగానే ఉంటాడు, అన్నీ వింటాడు. గురువు "అయ్యో!" అనడానికి లేదు. అందుకే మైక్రోస్కోపుకు తగిలించిన కెమెరా తీసిన బొమ్మను తరవాత తీరిగ్గా చూస్తారు. పేరు కనబడకుండా చేసి, శిష్యుణ్ణి ఎరగని మరో వైద్యుడిచేత మార్కులు వేయించవచ్చు కూడా. మిగతా 19 అంశాలూ బాగున్నా, పొర చింపడంలో 2 వచ్చిందా, ఆ ఒక్కదాని కోసం మళ్ళీ మేక కన్ను ముందు కూర్చోబెట్టవచ్చు.