మరమనిషి గెలిచాడు... పక్షిరాజు గుర్తుండిపోయాడు!

2018 డిసెంబరు 2, ఆదివారం. నంద్యాలలో ఫస్ట్ షో. హాలు కిటకిట! తెల్లారితే ఆఖరి కార్తీక సోమవారం, శ్రీశైలం పోదామని ఆళ్ళగడ్డ నుంచి వచ్చిన మా అక్క కొడుకు "ముందు '2.0', ఆ తర్వాతే మల్లన్న!" అని పట్టుబట్టాడు. సరే పదమన్నాను. విడుదలై నాలుగు రోజులే. 500 కోట్లకు పైగా ఖర్చయిందని ఊరంతా చెప్పుకుంటున్న చిత్రం. శంకర్ దర్శకత్వం, రహమాన్ సంగీతం, రజనీకాంత్‌కు ఎదురుగా అక్షయ్‌కుమార్, పైగా త్రీడీ. ఇంకేం కావాలండీ!

జనం చేతుల్లోని సెల్‌ఫోన్లు చటుక్కున ఎగిరిపోతుంటే హాల్లో ఒకటే ఈలలు. ఆ ఫోన్లన్నీ కలిసి కొండంత పక్షి అయింది. ఇంతవరకూ భేష్. చివర్లో చిట్టిలన్నీ కలిసి ఓ మహాకాయుడైన మరమనిషి కావడం, ఆ పక్షి కూడా అంతెత్తు పెరగడం, స్టేడియంలో ఇద్దరూ కలబడటం... ఇక్కడే నాకు ఆవులింత వచ్చింది. చప్పుడు జాస్తి, గుండెదడ నాస్తి!

ఎందుకంటారా? 2010లో 'రోబో'లోనూ చిట్టిలు గుంపుగా చేరి బంతి అయ్యాయి, పాము అయ్యాయి, మహాకాయుడూ అయ్యాయి. అప్పుడు నోరు తెరుచుకుని చూశాం. ఆ చిట్టికి ఓ పిల్ల మీద మనసుంది, దక్కలేదన్న కసి ఉంది. అంతెందుకు, 1957 నాటి 'మాయాబజార్'లో ఎస్.వి.రంగారావు ఘటోత్కచుడు మనకెందుకంత పెద్దగా కనిపిస్తాడు? ఆయన నవ్వే అంత పెద్దది! '2.0'లో చిట్టికి ఏ బాధా లేదు. పిలిచారు, వచ్చాడు, కొట్టాడు.

బాధంతా అవతలివాడి దగ్గరుంది. పక్షుల కోసం బతికి, ఎవరూ మాట వినక, సెల్ టవర్‌కు ఉరి వేసుకున్న ముసలాయన పక్షిరాజు. సలీం అలీని తలపించే ఆ వేషంలో అక్షయ్ కంట తడి పెట్టించాడు. ఆయన కథ పావుగంటలో ముగించి మళ్ళీ ఇనుప చప్పుళ్ళలో పడేశారు. చివరకు బుల్లి చిట్టిలు పావురాలెక్కి వస్తాయి. పావురాలకు దెబ్బ తగులుతుందని ఆయన చెయ్యెత్తలేకపోతాడు. అలా ఓడిస్తారు! జనం చప్పట్లు కొట్టారు. నాకు చేతులు రాలేదు.

విడుదలకు ముందే సెల్ కంపెనీల సంఘం సెన్సారు బోర్డుకు ఫిర్యాదు చేసింది. టవర్ల వల్లే పిట్టలు చస్తున్నాయని శాస్త్రం తేల్చలేదన్నది నిజమే. అయితే పిట్టలు పోవడం మాత్రం అబద్ధం కాదు.

మర్నాడు బస్సు ఆత్మకూరు దాటి నల్లమలలో పడగానే మావాడి ఫోను మూగబోయింది.

"మామా, సిగ్నల్ పాయె! పక్షిరాజు ఎత్తుకపోయినట్టుండాడు!"

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వి, నందికొట్కూరు దగ్గరి రోళ్ళపాడు సంగతి ఎత్తాను. బట్టమేక పక్షి కోసం 1988లో అక్కడ అభయారణ్యం పెట్టారు. ఎగిరే పక్షుల్లో మహా బరువైన వాటిలో అదొకటి, మగది పదిహేను కిలోల దాకా తూగుతుంది. ఏడాదికి మామూలుగా ఒక్కటే గుడ్డు, అదీ కటిక నేల మీద. గడ్డి మైదానాలు పొలాలయ్యాయి, కాలువలొచ్చాయి, వేటగాళ్ళు సరేసరి. ఎదురుగా ఉన్న కరెంటు తీగ దానికి సరిగా ఆనదు, ఆనినా అంత బరువుతో చప్పున పక్కకు తిరగలేదు. ఒకప్పుడు రోళ్ళపాడులో పదుల్లో కనిపించేవి. ఇప్పుడు దేశం మొత్తం మీద అడవుల్లో మిగిలినవి నూటయాభై లోపేనని అంచనా.

"దాని మీద సినిమా తీయలేదా మామా?"

"ఫైటింగు లేదు కదరా."

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: "నువ్వు చూసినావా దాన్ని?"

"లేదు."

దోర్నాల వచ్చేదాకా వాడు కిటికీలోంచి చెట్ల మీదికే చూస్తూ కూర్చున్నాడు. అది చెట్ల మీద వాలే పిట్ట కాదని నేను చెప్పలేదు.